విజ్ఞానానికి వెల ఎవరు చెల్లించవలె?

పరిశోధన ఫలితం పదిమందికి చేరినప్పుడే విజ్ఞానం అనిపించుకొంటుంది. ప్రయోగశాలలో కనుగొన్న విషయం శాస్త్రజ్ఞుని నోటుపుస్తకంలోనే ఉండిపోతే లోకానికి అది లేనట్లే. లండను నగరంలో 1665లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అను పత్రిక ఆరంభమైన నాటి నుండి పండితులు తమ పరిశోధనలను పత్రికల ద్వారా ప్రకటిస్తూ వస్తున్నారు. అట్టి పత్రికలను ఎవరైనా, ఎక్కడివారైనా, రుసుము లేకుండా చదువుకొనగల ఏర్పాటును నేడు ‘ఓపెన్ యాక్సెస్’ అని వ్యవహరిస్తున్నారు. తెలుగులో దీనిని బహిరంగ ప్రచురణ అనుకొందాము. 2002 ఫిబ్రవరిలో బుడాపెస్టు నగరం పేరిట వెలువడిన ఒక ప్రకటన ఈ భావానికి స్పష్టమైన రూపం కల్పించినది.

అయితే పాఠకునికి ఉచితమైనంత మాత్రాన పత్రిక ఖర్చు లేకుండా నడవదు. సంపాదకత్వం కావలె, వ్యాసాలను సరిచూడవలె, వాటిని కంప్యూటర్లలో పదిలపరచి ఏళ్ళ తరబడి కాపాడవలె. ఈ వ్యయాన్ని ఎవరో ఒకరు భరించక తప్పదు. ఎవరు భరించవలెనన్న ప్రశ్న పైకి జమాఖర్చుల లెక్కవలె కనిపిస్తుంది. కాని ఎవరు చెల్లిస్తారన్న దానిని బట్టియే ఎవరు గుమ్మం బయట నిలిచిపోతారన్నది నిర్ణయమవుతుంది. పాఠకుడు చెల్లించుట, రచయిత చెల్లించుట, సమాజం ఉమ్మడిగా చెల్లించుట అను మూడు మార్గాలను ఈ వ్యాసంలో వరుసగా పరిశీలిద్దాము.

మిరపతోటకూ పరిశోధన పత్రికకూ ఏమి సంబంధం?

ఇది విశ్వవిద్యాలయాల ఆచార్యులకు మాత్రమే సంబంధించిన విషయమని మన దాచేపల్లి విద్యార్థులు అనుకొనరాదు. 2021–22 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం జిల్లాల మిరపతోటలపై నల్లతామర పురుగు విరుచుకుపడినది. అది పూలలో చేరి రసాన్ని పీల్చుటచే పూత రాలిపోయినది, కాయ నిలువలేదు. మందు మీద మందు కొట్టి, చివరకు తోటలనే పీకివేసిన రైతులు ఎందరో ఉన్నారు. శాస్త్రజ్ఞులు ఆ పురుగును ఆగ్నేయాసియాకు చెందిన ‘థ్రిప్స్ పార్విస్పైనస్’ అను జాతిగా గుర్తించినారు.

ఈ పురుగు మన దేశంలో ప్రవేశించిన సంగతి 2015లోనే పరిశోధన పత్రికకు ఎక్కినది. బెంగుళూరు ప్రాంతంలో బొప్పాయి మొక్కలపై దానిని గుర్తించి, ఎవరైనా ఉచితంగా చదువదగిన ఒక పత్రికలో ప్రకటించినారు. అనగా మన పూత రాలుటకు ఆరేళ్ళ ముందే శత్రువు పేరు వ్రాతలో ఉన్నది. ఆ సంగతి పల్నాటి పొలం గట్టు వరకు రాలేదు. దీనివలన రెండు పాఠాలు నేర్చుకొనవలె. పరిశోధనకు తాళం వేసి ఉంచితే వ్యవసాయాధికారి సైతం దానిని చూడలేడు; కనుక మొదట తాళం తీయవలె. తీసినంత మాత్రాన పని ముగియదు. ఇంగ్లీషులో ఉన్నదానిని రైతు భాషలో చెప్పువారు కావలె. రెండవ విషయాన్ని వ్యాసం చివరలో మరల ప్రస్తావిస్తాను.

పాఠకుడు చెల్లించే మార్గం

బహుకాలంగా ఉన్నది ఈ మార్గమే. గ్రంథాలయం చందా కడుతుంది. కట్టిన గ్రంథాలయంలోని వారు చదువుతారు. ఇందులోని చిక్కును గమనించండి. వ్యాసం వ్రాసిన శాస్త్రజ్ఞునికి పత్రిక నుండి సాధారణంగా పారితోషికం రాదు. దానిని పరీక్షించి మంచిచెడ్డలు తేల్చే తోటి పండితులకూ రాదు. వారికి జీతాలిచ్చునవి విశ్వవిద్యాలయాలు. ఆ విశ్వవిద్యాలయాలలో చాలవరకు ప్రజల పన్నులతో నడుస్తున్నవి. తుదకు ఆ వ్యాసాన్ని చదువుటకు అదే విశ్వవిద్యాలయం ప్రచురణకర్తకు మరల చందా కట్టవలె. రైతు తన మిరపకాయలను యార్డుకు ఉచితంగా తోలి, ఇంట్లో కారం కొట్టించుకొనుటకు అవే కాయలను అక్కడ వెల పెట్టి కొన్నట్లున్నది ఈ వ్యవహారం.

పెద్ద విశ్వవిద్యాలయం ఏదో విధంగా ఈ చందాలు కట్టుకొనగలదు. చిన్న ఊరి కళాశాల కట్టలేదు. ఇక చదువు ముగించి ఊరికి చేరిన పట్టభద్రునికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యునికి, పొలంలోని రైతుకు ఆ ద్వారం దాదాపు మూసివేసినట్లే. విడిగా ఒక్క వ్యాసం కొనవలెనన్నా రెండు మూడువేల రూపాయలు అడిగే పత్రికలు ఉన్నవి.

రచయిత చెల్లించే మార్గం

ఈ అన్యాయాన్ని సరిదిద్దుటకు వచ్చిన ఉపాయాలలో రచయిత నుండి ప్రచురణ రుసుము తీసుకొని పాఠకునికి ఉచితంగా అందించుట ఒకటి. దీని మంచిచెడ్డలు రెండూ ఒక తెలుగు శాస్త్రజ్ఞుని చరిత్ర ద్వారా చక్కగా బోధపడతవి.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా చేరినాడు. ఆ ప్రయాణానికి ఆయన మామగారి సహాయంతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ ఆధారమైనది. 1925లో ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలుచు పద్ధతిని ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రకటించినాడు. నాటి నుండి జీవరసాయన విద్యార్థులు ‘ఫిస్క్–సుబ్బారావు పద్ధతి’ని నేర్చుకొంటూనే ఉన్నారు. నేడు ఆ 1925 నాటి వ్యాసాన్ని మన దాచేపల్లి విద్యార్థి చేతిలోని ఫోనులో పైసా ఖర్చు లేకుండా చదువవచ్చును. పైగా ఆ పత్రిక 2021 జనవరి నుండి సాంతం బహిరంగ ప్రచురణగా మారినది. పాఠకునికి ఇది గొప్ప మేలు.

కాని ఈనాడు భీమవరం నుండి మరొక సుబ్బారావు వ్రాయదలచితే? పత్రిక వ్యయం రచయితల రుసుము మీదికి వచ్చినది గనుక, ఆ రుసుము కట్టగల సంస్థ అతని వెనుక ఉండవలె. కొన్ని పత్రికలలో ఈ రుసుము ఎంతటిదో చూడండి. సుప్రసిద్ధమైన ‘నేచర్’ పత్రిక 2021లో బహిరంగ ప్రచురణకు నిర్ణయించిన రుసుము 9,500 యూరోలు. అప్పటి మారకపు లెక్కన అది ఎనిమిది లక్షల రూపాయలకు పైమాట. అత్యంత పేద దేశాల రచయితలకు కొందరు ప్రచురణకర్తలు మినహాయింపు ఇస్తారు. ఆ జాబితాలలో సాధారణంగా భారతదేశం ఉండదు. కావున మొదటి మార్గంలో పేద పాఠకుడు బయట నిలబడితే, ఈ మార్గంలో పేద రచయిత బయట నిలబడతాడు.

ఇంతకంటె ప్రమాదం మరొకటి ఉన్నది. చందా పత్రిక చదువరిని మెప్పించి బ్రతకవలె. రుసుము పత్రిక వ్యాసాన్ని అంగీకరించినప్పుడే డబ్బు పొందుతుంది. ఎన్ని వ్యాసాలు అంగీకరిస్తే అంత రాబడి. నిజాయితీ గల సంపాదకులు ఈ ప్రలోభానికి లొంగరు. లొంగేవారికి మాత్రం ఇది మంచి వ్యాపారం. ఈ కథకు దూరదేశాల సాక్ష్యం అక్కరలేదు. హైదరాబాదు కేంద్రంగా వెలసిన ‘ఓమిక్స్’ ప్రచురణ సంస్థపై అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసినది. వ్యాసాలను పండితులచే సక్రమంగా పరీక్షింపజేయకయే చేసినట్లు ప్రకటించుట, రుసుము సంగతి ముందుగా స్పష్టంగా చెప్పకుండుట, ఒప్పుకొనని ప్రముఖుల పేర్లు వాడుకొనుట అను ఆరోపణలు అందులో ఉన్నవి. ఆ సంస్థ వాటిని కాదన్నది. 2019లో అమెరికా న్యాయస్థానం కమిషన్ పక్షాన తీర్పు చెప్పి, ఐదు కోట్ల డాలర్లకు పైబడిన మొత్తం చెల్లించవలెనని ఆదేశించినది.

ఈ వ్యాపారానికి గిరాకీ ఎక్కడి నుండి వచ్చినది? ఉద్యోగోన్నతికి ఇన్ని వ్యాసాలు, డాక్టరేటు పట్టానికి ఇన్ని వ్యాసాలు అని లెక్క కట్టిన విధానం నుండి వచ్చినది. విషయాన్ని చూడక సంఖ్యను చూచినచోట సంఖ్యను అమ్మేవారు పుట్టుకొని రాక మానరు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022 నిబంధనలలో పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం సమర్పించుటకు ముందు వ్యాసం ప్రచురించి తీరవలెనన్న నియమాన్ని తొలగించుట మంచి మార్పు.

ఉమ్మడి నిధి మార్గం

మూడవ మార్గంలో పాఠకుడూ చెల్లించడు; రచయితా చెల్లించడు. సమాజం ఉమ్మడిగా భరిస్తుంది. ఇది మన నేలకు కొత్త కాదు.

1914 ఏప్రిల్ నెలలో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి వారి కృషితో ఊరూర గ్రంథాలయాలు వెలసినవి. మన పొరుగున ప్రకాశం సీమలోని వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం స్థాపితమైనది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేసినారు. తరువాత 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ఈ ఉద్యమ భావనను శాసనంగా మలచినది. ఆ చట్టం క్రింద స్థానిక సంస్థలు ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నవి. ఇంటిపన్ను వేయి రూపాయలు కట్టేవాడు 80 రూపాయలు, నూరు రూపాయలు కట్టేవాడు 8 రూపాయలు ఇస్తాడు. గ్రంథాలయంలో మాత్రం ఇద్దరికీ ఒకే బల్ల, ఒకే పుస్తకం. ఏ పన్నూ కట్టని కూలివాని బిడ్డకు కూడ అదే బల్ల. వసూలైన సెస్సు గ్రంథాలయాలకు సకాలంలో జమకావడం లేదన్న ఫిర్యాదు చిరకాలంగా ఉన్నది. అది అమలులోని లోపం. సూత్రం మాత్రం సక్రమమైనది.

ప్రచురణ విషయంలోనూ ఇట్టి దృష్టాంతం హైదరాబాదులో ఉన్నది. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ అపురూపమైన అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి ముద్రించినది. గణితం, వైద్యం, ఖగోళశాస్త్రం, చరిత్రలకు సంబంధించిన ప్రాచీన గ్రంథాలు ఆ విధంగా ప్రపంచ పండితులకు అందినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు 1917లో నెలకొల్పిన దారుత్ తర్జుమా, అనగా అనువాద సంస్థ, శాస్త్ర గ్రంథాలను వందల సంఖ్యలో ఉర్దూలోనికి తెచ్చినది. ఈ రెండింటికీ ప్రభుత్వ ఖజానాయే ఆధారం. వ్రాసినవానిని రుసుము అడిగి నడిపినవి కావు అవి.

నేటి కాలంలో ఈ మార్గం నడవదనువారు ఉన్నారు. బ్రెజిల్ దేశం వైపు చూడండి. అక్కడి సావోపౌలో రాష్ట్ర పరిశోధన నిధి 1998లో మొదలైన ‘సైలో’ అను వ్యవస్థకు అండగా నిలిచినది. నేడు లాటిన్ అమెరికా దేశాల పత్రికలు ఎన్నో అందులో ఉచితంగా లభిస్తున్నవి. మన దేశంలోనూ, సర్ సి.వి. రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికలను అందరూ ఉచితంగా చదువుకొనుటకు వీలు కల్పించినది.

దీనికి తోడుగా మరొక చవక ఉపాయం ఉన్నది. వ్యాసం ఏ పత్రికలో వచ్చినా, రచయిత దాని ప్రతి ఒకటి తన సంస్థ కంప్యూటరు భాండాగారంలో ఉంచుట. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, అట్టి భాండాగారాన్ని నడుపుతున్నది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లోను, కేంద్ర ప్రభుత్వపు విజ్ఞానశాస్త్ర, జీవసాంకేతిక శాఖలు 2014 డిసెంబరులోను ఈ మేరకు విధానాలు ప్రకటించినవి. ‘కృషికోశ్’లో వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు, ‘శోధ్‌గంగ’లో ఇతర విశ్వవిద్యాలయాలవి చదువవచ్చును.

ఒకే దేశం – ఒకే చందా

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకం పేరు ఇది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించినారు. 30 ప్రచురణ సంస్థల పత్రికలు సుమారు 13,000. వాటిని చదువగల సంస్థలు 6,300కు పైగా. లబ్ధిదారులు దాదాపు ఒక కోటి ఎనభై లక్షల మంది. ఏటికి 2,000 కోట్లు. తలకు పంచి చూస్తే ఏడాదికి 1,100 రూపాయల చిల్లర. విడిగా ఒక్క వ్యాసం కొనుటకైనా ఆ సొమ్ము చాలకపోవచ్చును. ఉమ్మడిగా కొన్నప్పుడు కలిగే బలం ఇది. మారుమూల ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికి మహానగర పరిశోధకునితో సమానంగా పత్రికలు అందుట సామాన్య విషయం కాదు.

అయినను మూడు మాటలు చెప్పక తప్పదు. మొదటిది: ఈ పథకం మొదటి దశ ప్రభుత్వ యాజమాన్యంలోని విద్యాసంస్థల కొరకు, కేంద్ర పరిశోధన సంస్థల కొరకు ఏర్పడినది. మన వంటి మైనారిటీ యాజమాన్య కళాశాలలు ఆ పరిధి వెలుపల నిలిచినవి. ఒకే మండలంలో, ఒకే తరగతి చదువుతున్న ఇద్దరు పిల్లలలో ఒకనికి ద్వారం తెరచి, రెండవవానికి మూసి ఉండుట సమంజసం కాదు. రెండవది: కళాశాలలో పేరున్నంత కాలమే చదువు హక్కు. పన్ను కట్టే రైతు, విద్య ముగించిన యువకుడు దీనిలో లేరు. మూడవది: చందా అద్దె ఇంటి వంటిది. అద్దె కట్టినన్నాళ్ళే మనది. మూడేళ్ళ తరువాత ఇంటివాడు అద్దె పెంచితే మరల బేరమే. ప్రతి ఏటా ఇచ్చే ఆ 2,000 కోట్లలో కొంత వంతు మన దేశపు పండిత సమాజాలు నడిపే బహిరంగ పత్రికలకు మళ్ళిస్తే అది సొంత ఇల్లు కట్టుకొన్నట్లవుతుంది. ఈ పథకంలోనే రచయితల ప్రచురణ రుసుముల కొరకు ఏటా 150 కోట్లు ఉద్దేశించినారు. అదే సొమ్ముతో రుసుము అడగని మంచి పత్రికలను మన దేశంలో పోషించవచ్చునా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

మన కళాశాల చేయదగినది

దేశ విధానం మన చేతిలో లేదు. మన వంతు పని మన చేతిలో ఉన్నది. కళాశాల కమిటీ పెద్దల ముందు కొన్ని సూచనలు వినయంగా ఉంచుతున్నాను.

అధ్యాపకుల కృషిని అచ్చయిన వ్యాసాల సంఖ్యతో కొలువవద్దు. గ్రాంట్ల సంఘం కొన్నేళ్ళు నడిపిన ‘కేర్’ పత్రికల జాబితాను 2025 ఫిబ్రవరిలో ఉపసంహరించుకొన్నది. మంచి పత్రిక ఏదో, కానిది ఏదో తేల్చుకొనే భారం ఇప్పుడు విద్యాసంస్థలపైననే పడినది. కావున ఏడాదికి పది వ్యాసాల పట్టికకంటె చదివి మెచ్చుకొనదగిన ఒక్క వ్యాసానికి ఎక్కువ గౌరవం ఇవ్వవలె. డబ్బు కట్టిన వారంలో వ్యాసం అచ్చువేస్తామనే ఉత్తరాలు నేడు అధ్యాపకులందరికీ వస్తున్నవి. సంపాదకవర్గంలోని వారు నిజంగా అక్కడ పనిచేస్తున్నారా, వ్యాసాన్ని ఎవరు పరీక్షిస్తారు, రుసుము ముందే ప్రకటించినారా అని విచారించకుండా ఎవరూ డబ్బు కట్టరాదు.

మన గ్రంథాలయంలో రెండు కంప్యూటర్లను బహిరంగ పత్రికల పఠనానికి కేటాయించవలె. మనకు ఇవ్వని చందాల కొరకు విజ్ఞప్తి చేస్తూనే, ఎవరూ అడ్డు చెప్పని శోధ్‌గంగను, కృషికోశ్‌ను, అకాడమీ పత్రికలను పూర్తిగా వినియోగించుకొనవలె. మన సాంవత్సరిక సంచిక పాత ప్రతులను కూడ కంప్యూటరులోనికి ఎక్కించి అందరికీ అందుబాటులో ఉంచవలె. ఇతరుల తాళాలను విమర్శించేవారు తమ బీరువాకు తాళం వేసుకొనరాదు గదా!

చివరగా, విద్యార్థులారా, మీ వంతు. దారుత్ తర్జుమా చేసిన పనిని చిన్న ఎత్తున మీరు చేయగలరు. మీలో తెలుగు వచ్చినవారు, ఉర్దూ వచ్చినవారు ఉన్నారు. ఇంగ్లీషు అందరూ చదువుతున్నారు. మిరప, పత్తి పంటల మీద వచ్చిన బహిరంగ వ్యాసాలలో నెలకు ఒక్కటి ఎన్నుకొని, లాం పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞుల వంటి తెలిసినవారిచే సరిచూపించుకొని, ఒక పుట సారాంశాన్ని తెలుగులో, ఉర్దూలో వ్రాయండి. దానిని గ్రంథాలయ గోడపైనను, పంచాయతీ కార్యాలయం వద్దను అంటించండి. దానికి కాగితం, కొంత తీరిక తప్ప పెద్ద ఖర్చు లేదు. రైతు పన్నుతో పుట్టిన విజ్ఞానం రైతుకు చేరవలెనన్న ధర్మాన్ని మన ఊరిలో మనమే ఆచరించినవారమవుతాము.